అటక

పాత గాజువాకలో మేడ మీది రేకుల గది.
మంచం ఒకటి, చాప ఒకటి, మనుషులం ముగ్గురం.
మూడో మనిషి ఎప్పుడూ స్టీల్‌ప్లాంటులోనే ఉంటాడు కాబట్టి
రెండు పక్కలు సరిపోయేవి.

డాబాగార్డెన్స్‌లో సెకండ్‌హ్యాండుకి కొన్నాం కంప్యూటర్,
మూడు వాటాలు వేసుకుని.
నా వాటాలో రెండొందలు ఇప్పటికీ బాకీ.

దేముడికి విండోస్ కావాలి.
ఖాళీ వేళల్లో శుభలేఖలు కొడతాడు,
అతని తెలుగు అక్షరాలు అందులో తప్ప ఎక్కడా నిలబడవు,
ఒత్తులు ఊడి కింద పడతాయి.
గౌస్‌కి ఉబుంటు.
నాకు డెబియన్, ఎందుకంటే
గౌస్‌కి ఉబుంటు కాబట్టి.

కణితి రోడ్డులో సైటు కొలిచినంత గొడవ పడి
డిస్కుని నాలుగు ముక్కలు చేశాం.
ఎవరి గది వాళ్ళది.
నాలుగోది అందరిదీ.
'అటక' అని పేరు పెట్టాడు దేముడు.

అటక మీద జీతం స్లిప్పులు, ఓవర్‌టైము లెక్కలు,
హుద్‌హుద్ మర్నాడు రేకులు లేని మా గది ఫొటో.
ఇంకా 'చీటీ' అని ఒక ఫైలు.
ఎదురుపడని వాళ్ళం అందులో మాట్లాడుకునేవాళ్ళం.
'పాలు విరిగిపోనాయి.'
'నా చెప్పులేసుకెళ్ళినోడెవడు?'
'కోక్ ఓవెన్ల కాడ ఇయ్యాల ఊపిరాడనేదు.'
దానికి ఎవరూ జవాబు రాయలేదు.
పొద్దున లేచేసరికి మాత్రం
గూట్లో కాగితం పొట్లం, అందులో బెల్లం.

ఒకసారి గౌస్ ముక్కలోకి తొంగి చూశాను, తప్పే.
అతని ఫైళ్ళన్నీ నా పేరు మీద కనిపించాయి.
కంగారుపడి నేనే వెళ్ళి చెప్పుకున్నాను.
లోపల యంత్రానికి పేర్లు అక్కర్లేదట, అంకెలే.
ఎవరింట్లో వాళ్ళమే మొదటివాళ్ళం గనక
ఇద్దరి అంకే వెయ్యి.
గౌస్ నవ్వాడు,
'గేటు కాడ టోకెన్ నంబరైనా వేరేగా ఇచ్చార్రా మనకి.'

ఆషాఢంలో దేముడికి కామెర్లు.
కశింకోట నుంచి అన్న వచ్చి ఆటోలో ఎక్కించుకెళ్ళాడు.
వెళ్ళే తొందరలో కంప్యూటర్‌ని ఆపలేదు,
నిద్రపుచ్చి వెళ్ళాడు.

సీ షిఫ్టు దిగొచ్చి అటక తెరిచాను.
తెరుచుకుంది.
చదవనిచ్చింది, రాయనివ్వలేదు.
విండోస్ నిద్రలో ఉంది,
తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని పడుకుంది.
లేపాలంటే దేముడి పాస్‌వర్డు కావాలి.
'కామెర్లోడికి ఫోన్ చేసి పాస్‌వర్డు అడుగుతావేటి?' అన్నాడు గౌస్.

బలవంతం చెయ్యొచ్చు.
ఒక్క వరస కొడితే నిద్ర చెరిగిపోతుంది,
నిద్రతో పాటు
అతను సగంలో వదిలేసింది ఏదైనా ఉంటే అదీ.
గౌస్ ఆ వరస కొట్టాడు. అక్షరం అక్షరం సరిచూశాడు.
ఎంటర్ మీద వేలు పెట్టి, తీసేసి,
టీకి పోదాం రమ్మన్నాడు.

ముప్పై ఏడు రోజులు.
చీటీలు గోడ మీదికి వచ్చాయి, బొగ్గుతో.
రాత్రి కరెంటు పోతే, అటు స్లాగు పోసినప్పుడు
ఆకాశం ఎర్రబడేది,
ఆ కాస్త వెలుగులో చదువుకునేవాళ్ళం
పప్పు ఎక్కడ పెట్టాడో.

వచ్చాడు. చొక్కా వదులైపోయింది,
కళ్ళ కొసల్లో ఇంకా పసుపు.
కూర్చోకుండానే బటన్ నొక్కాడు.
పాస్‌వర్డు కొడుతుంటే మేమిద్దరం
మర్యాదగా గోడవైపు తిరిగాం.

తెర మీద 'చీటీ', సేవ్ చెయ్యని ఒకే ఒక్క వరస,
చివర కర్సర్ ఇంకా కొట్టుకుంటోంది:
'గ్యాసు అయిపోవచ్చింది, ఎవరైనా బు'

గ్యాసు అయిపోయి నెల దాటింది.
కిరసనాయిలు స్టవ్వు వాసన గది నిండా.
గౌస్ నావైపు చూశాడు. నవ్వాలో వద్దో
మాకు తెలియలేదు.
దేముడు మాత్రం శుభలేఖ దిద్దుతున్నంత శ్రద్ధగా
'బుక్ చెయ్యండి' అని పూర్తి చేసి,
సేవ్ కొట్టి,
ఈసారి నిజంగా ఆపేశాడు.

నాకు బీ షిఫ్టు టైమైంది.
గుమ్మంలో చెప్పులు వెతికితే దేముడివే దొరికాయి.
వేసుకున్నాను.